పోలీసు సినిమాల్లో ఆదిత్య శ్రీవాస్తవ: 'సత్య'లో ఇన్‌స్పెక్టర్, 'బ్లాక్ ఫ్రైడే'లో ముద్దాయి

రెండో_ఆట:

నిన్న రాత్రి నిద్ర పట్టక రాంగోపాల్ వర్మ గ్యాంగ్‌స్టర్ సినిమా 'సత్య' మళ్ళీ పెట్టుకున్నాను. ఎన్నోసారి అంటే చెప్పలేను, 1998లో వచ్చిన దగ్గర్నుంచి ఏడాదికోసారైనా చూస్తూనే ఉన్నా. ఇన్నాళ్ళూ చక్రవర్తినీ, భీకూ మాత్రేనీ, కల్లూ మామనీ చూడటంతోనే సరిపోయింది. మనోజ్ బాజ్‌పాయ్‌కి భీకూ పాత్రకే ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు వచ్చింది, రావాల్సిందే, దాంట్లో గొడవ లేదు. కానీ నిన్న మాత్రం ఎందుకో కన్ను వెళ్ళి ఇన్‌స్పెక్టర్ ఖండిల్కర్ మీద పడింది, పడ్డాక ఇక పక్కకి రాలేదు. ఆదిత్య శ్రీవాస్తవ. అదేనండీ, 'సీఐడీ' సీరియల్లో అభిజీత్.

థియేటర్ సీన్ గుర్తుందిగా? గ్యాంగ్‌లో చేరిన హీరో సత్య (అదే చక్రవర్తి), అతను ప్రేమించిన విద్య సినిమాకి వెళ్తారు. సత్య లోపలున్నాడని ఖండిల్కర్‌కి కబురందుతుంది. తలుపులన్నీ మూయించి ఒక్కటే తెరిపిస్తాడు, జనం అందులోంచే బయటికి రావాలి. ఇక్కడ నాకు నచ్చిందేంటంటే, అతను పేరుమోసిన గూండాని పట్టుకోబోతున్న హీరోలా ఉండడు, జాతరలో క్యూలైన్ చూసుకునే మనిషిలా ఉంటాడు. గుంపు కదలాలి, తోసుకోకూడదు, వాడు దొరకాలి, అంతే. నడకలో స్టైల్ లేదు, గొంతులో గర్జన లేదు. తర్వాత లోపల్నుంచి సత్య తుపాకీ పేలుస్తాడు, తొక్కిసలాట జరుగుతుంది, సినిమాకొచ్చిన మామూలు జనం చచ్చిపోతారు. ఆలోచిస్తే ఖండిల్కర్ ప్లాన్‌లో పెద్ద తప్పేం లేదు. పుస్తకం ప్రకారం చేసినట్టే ఉంటుంది. అయినా శవాలు లేచాయి. ఆ పాత్రని ఎవరైనా కాస్త ఓవర్‌గా చేసుంటే ఆ సీన్ పోలీసు వర్సెస్ గూండా అయిపోయేది. ఇతను చేసినందువల్ల మనకి జనం కనిపించారు అనిపించింది నాకు.

యూట్యూబ్‌లో 'సత్య' మీద గంటలకొద్దీ మాట్లాడతారు, ఈయన పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. ఎత్తినా "ఓ, అభిజీత్ కదా" అని నవ్వి వదిలేస్తారు. సీరియల్ సంగతి పక్కన పెట్టండి. క్రైమ్ సినిమాల్లో ఈయన చేసినవి ఇంకేం చూడొచ్చు? ఇంకో డౌటు కూడా ఉంది. ఇంత చిన్న పోలీసు పాత్ర నమ్మేలా ఉందంటే ఆ గొప్పతనం నటుడిదా, రాసినవాళ్ళదా?

మ్యాట్నీ_మూర్తి:

'బ్లాక్ ఫ్రైడే' చూడకుండా ఈ ప్రశ్న అడిగారంటే మిమ్మల్ని చూసి కుళ్ళుకుంటున్నా, మొదటిసారి చూసే అదృష్టం ఇంకా మిగిలే ఉంది.

1993 మార్చి 12 బాంబే పేలుళ్ళ మీద ఎస్. హుస్సేన్ జైదీ రాసిన పుస్తకం ఆధారంగా అనురాగ్ కశ్యప్ తీశాడు. 'సత్య' రాసిన ఇద్దర్లో ఒకడు ఈయనే, రెండోది సౌరభ్ శుక్లా, అంటే మీ కల్లూ మామ. సినిమా 2004కల్లా తయారైంది కానీ, కేసు ఇంకా కోర్టులో ఉందని స్టే రావడంతో మన దగ్గర రిలీజయ్యేసరికి 2007 ఫిబ్రవరి అయింది. అందులో ఆదిత్య శ్రీవాస్తవ పోలీసు కాదు. బాద్‌షా ఖాన్ అనే ముద్దాయి. ఖండిల్కర్ కూర్చోవాల్సిన కుర్చీలో, కేసు దర్యాప్తు చేసిన పోలీసు అధికారి రాకేశ్ మారియాగా కేకే మీనన్ కూర్చుంటాడు, ఈయన ఎదురు కుర్చీలో ఉంటాడు.

అందరూ ఆ ఇంటరాగేషన్ గురించే చెప్తారు. నాకు మాత్రం దానికి ముందు పారిపోయి తిరిగిన భాగం ఇంకా పెద్దది. పేలుళ్ళయ్యాక బాంబే వదిలి ఊరు మార్చి ఊరు తిరుగుతుంటాడు. పేలుళ్ళు చేయించిన టైగర్ మెమన్ మనుషులు చూసుకుంటారని నమ్మకం. ఫోన్ చేస్తే ఇవాళ కాదు రేపు, ఇక్కడ కాదు ఇంకో ఊరు. చేతిలో డబ్బులు అయిపోతుంటాయి. ఛేజింగులు లేవు, కాల్పులు లేవు, ఒక మనిషి ఎదురుచూస్తుంటాడు, అంతే. మొదట్లో పెద్ద పని చేసొచ్చానన్న బిగువు మెడలో ఉంటుంది, భుజాల్లో ఉంటుంది. ఊరు మారేకొద్దీ అది కొంచెం కొంచెంగా కారిపోతుంది. ఎక్కడ పూర్తిగా పోయిందో చూపించమంటే నేను చూపించలేను, మూడుసార్లు వెనక్కి తిప్పి చూశా. చివరికి పోలీసులకి దొరికేసరికి ఆ మనిషి సగం ముందే దొరికిపోయి ఉన్నాడు.

అప్పుడొస్తుంది ఇంటరాగేషన్. కేకే అరవడు. మతం పేరు చెప్పి నిన్ను వాడుకున్నారు, వాడుకున్నవాళ్ళు హాయిగా ఉన్నారు, నువ్వు ఇక్కడున్నావు అన్నట్టు మాట్లాడుకుంటూ పోతాడు. ఆ మాటలు రచయితవి, చెప్పింది కేకే. కానీ అవి తగులుతున్నాయో లేదో మనకి తెలిసేది ఎదుటి మొహం మీద. మొదట పొగరుగా జవాబులు చెప్తున్నవాడు మెల్లగా మాట ఆపేస్తాడు. చెప్పడానికేం లేక ఆపినవాడికీ, చెప్తే ఏడుపొస్తుందని ఆపినవాడికీ తేడా ఉంటుంది చూశారా, అది రెండోది.

పైగా ఈ ఇద్దరూ అప్పటికే 'పాంచ్'లో కలిసి చేసినవాళ్ళు, అదీ కశ్యప్‌దే. సెన్సార్ గొడవలూ అవీ దాటి థియేటర్లలోకి మాత్రం రాలేకపోయింది. అందులో ఆదిత్య పాత్ర పేరు ముర్గీ. ముర్గీ, ఖండిల్కర్, బాద్‌షా ఖాన్, అభిజీత్. ఒకే మొహం.

ఇంకోటి, అదే సినిమాలో మురికివాడ ఛేజ్ కూడా చూడండి. కానిస్టేబుళ్ళు ఆయాసపడుతుంటారు, ఆగుతారు, మళ్ళీ పరిగెడతారు, పారిపోయేవాడూ అలిసిపోతాడు. నవ్వొస్తుంది, కాసేపటికి నవ్వు ఆగిపోతుంది. నవాజుద్దీన్ కూడా ఉంటాడు అస్గర్ ముకాదమ్‌గా. అప్పటికి ఆయనెవరో ఎవరికీ తెలీదు.

నేలటికెట్టు:

ఫ్యాన్స్ ఏమనుకోకండి గానీ ఖండిల్కర్‌కి అంత సీన్ లేదు. 'బ్లాక్ ఫ్రైడే' వరకు ఒప్పుకుంటా, అది పాత్ర. 'సత్య'లో మాత్రం పోలీసు వైపు బరువంతా కమిషనర్ ఆమోద్ శుక్లాగా పరేశ్ రావల్ మోశాడు, ఖండిల్కర్ ఆయన చేతికింద మనిషి. యూనిఫాం వేసుకుని సహజంగా నిలబడటం మంచి విషయమే, దానికి దండలు వేయాల్సిన పని లేదు.

పోలీసు సినిమాల్లో సైడ్ క్యారెక్టర్ అంటే నాకు 'సర్ఫరోష్'లో ఇన్‌స్పెక్టర్ సలీం. 1999. ముకేశ్ రిషి. మనవాళ్ళలో సగం మందికి ఈయన 'ఇంద్ర'లో విలన్‌గానే తెలుసు, మీసం, సుమోలు, తొడగొట్టుళ్ళు. అదే మనిషి అక్కడ మంచి ఇన్‌స్పెక్టరు, ముస్లిం, ఆ ఒక్క కారణంతో సొంత డిపార్టుమెంటే అనుమానంగా చూస్తుంది, కేసులోంచి పక్కన పెడుతుంది. ఆమిర్ ఖాన్ ఏసీపీ. ఒక దగ్గర కోపంలో, నా దేశాన్ని కాపాడుకోడానికి ఏ సలీం అవసరం లేదు నాకు అనేస్తాడు. అంత భారీ ఒళ్ళున్న మనిషి ఆ మాటకి ఒక్క క్షణం చిన్నపిల్లాడిలా అయిపోతాడు. తర్వాత కేసుకి పనికొచ్చే సమాచారం పట్టుకొచ్చేదీ ఆయనే. ఇచ్చి, ఇంకెప్పుడూ ఏ సలీంతోనూ ఇది నీ ఇల్లు కాదని అనొద్దు అంటాడు. గొంతు పెంచడు. పెంచితే హాల్లో విజిల్స్ పడేవి, పెంచలేదు కాబట్టి ఇరవై ఏళ్ళు దాటినా గుర్తుంది.

మనం ఏం చేశాం ఆయన్ని? రోప్ కట్టి గాల్లో తిప్పాం. ఆశిష్ విద్యార్థి కథా అంతే, 'ద్రోహ్‌కాల్'కి జాతీయ అవార్డు తీసుకున్న మనిషి. అయితే 'పోకిరి'లో ఎస్సై పశుపతి విషయంలో మాత్రం కంప్లైంట్ లేదు నాకు, ఆ వెకిలితనం ఇంకెవరికీ రాదు.

రైటర్_గారబ్బాయి:

పేరు చూసి కవి కొడుకుననుకునేరు. మా నాన్న స్టేషన్ రైటర్‌గా చాలా ఏళ్ళు చేసి హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. నేను పెరిగింది స్టేషన్ వెనక క్వార్టర్స్‌లో. అందుకని పోలీసు సినిమా చూస్తే నా కన్ను వేరే చోట్లకి పోతుంది, తప్పు పట్టకండి.

సినిమా స్టేషన్లలో ఎవడూ ఏదీ రాయడు. అసలు స్టేషన్లో సగం పని రాతే. జనరల్ డైరీ రాయాలి, ఫిర్యాదు రాయాలి, పంచనామా రాయాలి, మళ్ళీ దానికి కాపీ రాయాలి. మా నాన్న చూపుడు వేలు పక్కన ఇప్పటికీ కాయ ఉంది. ఇంటికొచ్చి టోపీ తీస్తే నుదుటి మీద ఎర్రగా గీత ఉండేది, మా అమ్మ అన్నం పెట్టేదాకా పోయేది కాదు.

ఇంకోటి చెప్తా. ఓ ఎస్సై ఉండేవాడు. ఎవరైనా ఫిర్యాదుకొస్తే కుర్చీలో వెనక్కి వాలి, కాలు ఊపుతూ వినేవాడు. పైనుంచి ఫోనొచ్చిందనుకోండి, "సార్" అంటూ లేచి నిలబడిపోయేవాడు. అవతలి మనిషికి కనపడదు కదా, అయినా లేచేవాడు, రెండో చెయ్యి తొడకి అతుక్కుపోయేది. ఫోన్ పెట్టేసి కూర్చున్నాక ముందు ఎదురుగా ఉన్నవాడి మీద అరిచేవాడు. ఆ ఫోన్‌లో తిట్లు ఎవరు తిన్నారో, అవి ఎవరి మీదకి దిగాయో కిటికీలోంచి చూస్తున్న నాకు ఎనిమిదేళ్ళప్పుడే అర్థమైపోయింది. నేను ఏ పోలీసు సినిమాలోనైనా వెతికేది అదే, పైకి చూసేటప్పుడు ఎలా ఉన్నాడు, కిందకి చూసేటప్పుడు ఎలా ఉన్నాడు అని.

ఆ లెక్కలో నా ఓటు షఫీ ఇనాందార్‌కి. గోవింద్ నిహలానీ 'అర్ధసత్య', 1983. ఓం పురి సబ్ ఇన్‌స్పెక్టర్ వేలంకర్, నిప్పులాంటి మనిషి, గూండా రామా శెట్టితో పెట్టుకుంటాడు. రామా శెట్టిగా సదాశివ్ అమ్రాపుర్కర్‌కి ఫిల్మ్‌ఫేర్ వచ్చింది, ఓం పురికి జాతీయ అవార్డు వచ్చింది, వాళ్ళ గురించి అందరూ రాశారు. వేలంకర్ పైన ఇన్‌స్పెక్టర్ హైదర్ అలీ ఒకడుంటాడు, అతనే ఇనాందార్. చెడ్డవాడా అంటే కాదు. కుర్రాడంటే నిజంగానే అభిమానం. కానీ ఏ పని ఎవరి ద్వారా అవుతుందో, ఎవరికి చెప్తే ఏ ఫైలు ఎక్కడ ఆగుతుందో పూర్తిగా తెలిసిపోయినవాడు, అది తప్పని అనిపించడం ఎప్పుడో మానేసినవాడు. లాకప్‌లో మనిషి చచ్చిపోయి వేలంకర్ పీకల్లోతు ఇరుక్కున్నాక, రామా శెట్టి దగ్గరికే వెళ్ళమని సలహా ఇచ్చేది ఈ హైదర్ అలీయే. అంటే ఏ గూండా మీదైతే కుర్రాడు పోరాడుతున్నాడో వాడి గుమ్మానికే దారి చూపిస్తాడు, అదీ మంచి మనసుతో! ఆ సలహాని కుట్రలా కాకుండా, జ్వరమొచ్చినవాడికి ఏ డాక్టరు దగ్గరికెళ్ళాలో చెప్పినట్టు చెప్పాలి, అలాగే ఉంటుంది.

మరుసటేడు అదే మనిషి 'యే జో హై జిందగీ'లో భర్తగా ఇంటిల్లిపాదినీ నవ్వించాడు. 1996లో పోయారు, యాభై ఏళ్ళకే.

మా నాన్నకి ఓసారి ఈ సినిమా చూపించా. ఓం పురి మీద ఒక్క ముక్క అనలేదు. "ఆ హైదర్ అలీ లాంటివాడు లేకపోతే స్టేషన్ నడవదురా, ఉంటే బాగుపడదు" అన్నారు, లేచి పడుకోడానికి వెళ్ళిపోయారు.

తెర_వెనక:

నటుడా, రచయితా అన్న దానికి నా చిన్న అనుభవం. కాలేజీ రోజుల నుంచి నాటకాలు వేస్తున్నా. ఓసారి ఒక క్రైమ్ సినిమాలో కానిస్టేబుల్ వేషానికి పిలిచారు, పేరెందుకులెండి. పొద్దున అయిదింటికి రమ్మన్నారు, మధ్యాహ్నం మూడింటికి షాట్ పెట్టారు. ఇచ్చిన ప్యాంటు నడుముకి రెండంగుళాలు పెద్దది, వెనక పిన్నీసులు పెట్టి బెల్టు బిగించారు. ఏం చేయాలండీ అని అడిగితే "ఏం చేయక్కర్లేదు, వెనక నిలబడు" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టర్. ముందు హీరో ఎవణ్ణో కొడుతుంటాడు. నేను వెనక నిలబడి ఏం చేయాలి? కొడుతుంటే చూడాలా, అలవాటైపోయి గోడవైపు చూడాలా, ఆపాలనిపించి ఆగిపోవాలా? ఎవరూ చెప్పలేదు. నాకు నేనుగా తల కొంచెం దించాను. "నువ్వు యాక్ట్ చేయకు బాబూ" అని మైకులో వినపడింది. మూడో టేక్‌లో నన్ను తీసేసి లైట్ బాయ్‌కి యూనిఫాం వేశారు. ఆ పిన్నీసులు కూడా నేనే తీసేసుకున్నా.

కాబట్టి రెండో_ఆట గారూ, ఖండిల్కర్ లాంటి పాత్రల్లో క్రెడిట్ ముందు "ఏం చేయక్కర్లేదు" అనని డైరెక్టర్‌ది. తర్వాత, ఏం చేయకుండా ఉంటూనే ఎదుటివాణ్ణి వినగలిగే నటుడిది. ఆదిత్య శ్రీవాస్తవ అలహాబాదులో నాటకాలతో మొదలుపెట్టి ఢిల్లీ మీదుగా వచ్చినవాడు, తెర మీద మొదటి సినిమా 'బాండిట్ క్వీన్'. స్టేజీ మీద మాటలేని నలభై నిమిషాలు నిలబడటం అలవాటైనవాళ్ళకి కెమెరా ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్న సమస్య ఉండదు. మిగతావాళ్ళు లాఠీ తిప్పుతారు.

ఆడవాళ్ళ పేరు ఒక్కటీ రాలేదు కాబట్టి నేను కలుపుతున్నా. 'ఏక్ హసీనా థీ'లో ఏసీపీ మాల్తీ వైద్యగా సీమా బిస్వాస్. ఈవిడదీ రంగస్థలమే, 'బాండిట్ క్వీన్' ఈవిడదే. ఆ ఏసీపీ ఎవరినీ బెదిరించదు. అన్నీ నోట్ చేసుకుంటున్నట్టు చూస్తుంది, అంతే, చాలు.

నేలటికెట్టు:

సీమా బిస్వాస్‌కి వంద మార్కులు. ఖండిల్కర్ మీద నా మాట మార్చను.

రెండో_ఆట:

అందరికీ థ్యాంక్స్. 'బ్లాక్ ఫ్రైడే' రాత్రి పూర్తి చేశా, పొద్దున ఆఫీసులో తల పనిచేయలేదు.

మ్యాట్నీ_మూర్తి గారూ, మీరు చెప్పినట్టు ఆ బిగువు ఎక్కడ పోయిందో పట్టుకుందామని కూర్చున్నా, నాకూ దొరకలేదు. కానీ ఒకటి గమనించా. ఆ ఊళ్ళ మధ్య తిరిగేటప్పుడు అతను పక్కవాళ్ళని చూసే తీరు మారుతుంది. ముందు, వీళ్ళలో నన్ను గుర్తుపట్టేవాడెవడు అని వెతుకుతున్నట్టుంటుంది. తర్వాత తర్వాత, నన్ను గుర్తుపట్టేవాడు ఒక్కడైనా లేడా అన్నట్టుంటుంది. ఇది నా పైత్యం కూడా కావచ్చు, అర్ధరాత్రి రెండింటికి చూశా మరి. ఇంటరాగేషన్‌లో మాత్రం నాకు ఖండిల్కర్ అడ్డొచ్చాడు. ఈ మనిషికి ఆ టేబుల్ అవతలివైపు నుంచి ఎలా ఉంటుందో ముందే తెలుసు కదా అనిపిస్తూనే ఉంది.

నేలటికెట్టు బ్రో, సలీం విషయంలో ఓడిపోయా, ఒప్పుకుంటున్నా. ముకేశ్ రిషిని నేనూ రోప్ మీదే చూశా ఇన్నాళ్ళూ. అయితే ఒక తేడా ఉంది. సలీంకి సినిమా ఒక కథ ఇచ్చింది, అవమానం ఇచ్చింది, చివర్లో మాట ఇచ్చింది. ఖండిల్కర్‌కి ఏమీ ఇవ్వలేదు. ఇంట్లో ఎవరున్నారో కూడా చెప్పరు. ఉట్టి చేతులతో వచ్చి అంతసేపు గుర్తుండిపోయాడంటే నేను దండ వేస్తా, మీరు వేయకండి.

తెర_వెనక గారూ, మీ పిన్నీసుల కథకి నవ్వాలో బాధపడాలో తెలీలేదు. తల దించుకున్న ఆ టేకు ఉంచాల్సింది.

మ్యాట్నీ_మూర్తి:

పైత్యం కాదండీ, నేను మళ్ళీ చూస్తా ఆ భాగం. నాలుగోసారి.

రెండో_ఆట:

నేను శనివారం 'అర్ధసత్య' పెట్టుకుంటున్నా. ఫోన్ వచ్చినప్పుడు ఎవరు లేచి నిలబడతారో చూసి, రైటర్_గారబ్బాయికి ఇక్కడే రాస్తా.